చేతికిచ్చిన కత్తెర

నెర్మిన్ కత్తెర తీసి ఉదయలక్ష్మి చేతిలో పెట్టింది.

బల్ల మీద కాదు, చేతిలో! ఉదయలక్ష్మి గుండె గుభేలుమంది. కత్తెర అలాగే పట్టుకుని ఎదుటి మనిషి మొహంలోకి చూసింది. ఆ మొహంలో తప్పు చేశానన్న బెదురు లేదు సరికదా, ఏదో ఘనకార్యం చేసినట్టు నవ్వొకటి.

కత్తెర చేతికిస్తే ఇంత రాద్ధాంతమా అని మీకనిపించవచ్చు. వాళ్ళిద్దరి సంగతి తెలిస్తే అలా అనరు. ఉదయలక్ష్మిది చీరాల. వాళ్ళింట్లో కత్తెర గానీ, సూది గానీ, పిన్నీసు గానీ ఒకరి చేతికి ఒకరు ఇవ్వరు. కింద పెడతారు, రెండో మనిషి తీసుకుంటుంది. పొరపాటున చేతికిచ్చారో, ఆ ఇద్దరికీ పోట్లాట ఖాయం. మెల్‌బోర్న్ వచ్చి, వెర్రిబీలో బట్టలు సరిచేసే షాపు పెట్టుకున్నా ఆ పట్టింపు పోలేదు. నెర్మిన్ పనిలో చేరిన రోజున కత్తెర కోసం చెయ్యి చాపితే, ఉదయలక్ష్మి బల్ల మీద పెట్టింది. ఏమనుకుంటుందోనని సంజాయిషీ చెప్పబోయేలోపే నెర్మిన్ చప్పట్లు కొట్టింది. టర్కీలో వాళ్ళమ్మా ఇంతేనట! కత్తెర, చాకు, ఆఖరికి సబ్బు కూడా చేతికివ్వరట.

"సబ్బు కూడానా! మీరు మమ్మల్ని మించిపోయారే తల్లీ!" అని ఉదయలక్ష్మి పడీ పడీ నవ్వింది.

ఏడేళ్ళ కిందటి మాట. అప్పట్నించీ ఆ షాపులో కత్తెర బల్ల మీద టక్కుమని చప్పుడు చేశాకే చెయ్యి మారేది. ఈ శుక్రవారం చప్పుడు చెయ్యకుండా మారింది.

"అబ్లా, ఏంటిది?" అంది ఉదయలక్ష్మి. అబ్లా అంటే వాళ్ళ భాషలో అక్క. నెర్మిన్ ఆవిడ కంటే పదేళ్ళు పెద్దది.

నెర్మిన్ విననట్టే మిషను మీదకి వంగిపోయింది. 'తెలిసే ఇచ్చింది. తగువు కావాలి కాబట్టి ఇచ్చింది. తగువు పెట్టుకుంటే వెళ్ళిపోవడం తేలిక' అనుకుంది ఉదయలక్ష్మి. రెండు వారాలుగా నానుతున్న అనుమానం ఆ క్షణాన గట్టిపడి కూర్చుంది.

అసలు ఆ షాపు నడిచేదే ఇద్దరి చేతుల మీద. ఉదయలక్ష్మివి జాకెట్లు, ఫాల్స్, లెహెంగాలు. బొందు మారిస్తే మారుస్తుంది, హుక్కులు కుడితే కుడుతుంది, అంతే. నెర్మిన్ చేతిది బరువు పని. కార్లకి సీటు బెల్టులు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసి, అది మూతపడ్డాక ఇక్కడికొచ్చింది. వెర్రిబీ చుట్టుపక్కల గుర్రాలు పెంచేవాళ్ళు బోలెడుమంది. చలికి గుర్రాల మీద కప్పే దుప్పట్లు, వాటి తోలు పట్టీలు, ఊడిపోయిన బకిల్సు, టెంట్లు, పడవల మీది కవర్లు, పిల్లల బ్యాగులు అన్నీ నెర్మిన్ కోసమే వస్తాయి. ఆ పెద్ద మిషను జోలికెళ్తే ఉదయలక్ష్మి వేలే కుట్టుకుంటుంది. నెర్మిన్ వెళ్ళిపోతే సగం షాపు ఆవిడ వెంటే వెళ్ళిపోతుంది. మిగిలిన సగంతో అద్దె కూడా రాదు.

వెనక గోడ నిండా చిన్న చిన్న ప్లాస్టిక్ సొరుగులు. ఒక్కోదానికీ ఒక స్టిక్కర్. పైన ఉదయలక్ష్మి కూతురు స్పందన గుండ్రటి అక్షరాల్లో ఇంగ్లీషు పేరు, కింద నెర్మిన్ వంకర రాతలో దాని టర్కిష్ అర్థం. బకిల్ కింద టోకా. స్ట్రాప్ కింద కయిష్. జిప్ కింద ఫెర్ముఆర్. హుక్ కింద కోప్చా. బెల్టు కింద కెమెర్. టిచ్ బటన్ల సొరుగు మీద చిట్‌చిట్ అని రాసినప్పుడు "మా టిచ్‌నే తిరగేశారే!" అని ఉదయలక్ష్మి గోల చేసింది. ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రమే. దారం తెగితే ఒకటి, జిప్ ఇరుక్కుంటే ఒకటి, అలా చేతి పనితోపాటు మాటలూ కలిశాయి. ఉదయలక్ష్మి పరధ్యానంలో ఉంటే ఇంట్లో కూడా "ఆ టోకా ఇలా పడెయ్" అనేది. వాళ్ళాయన బాలమురళి తెల్లమొహం వేసేవాడు. వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది ఉన్నదున్నట్టు రాస్తే మీకు తల తిరుగుతుంది గనక, ఇక్కడ నేను తెలుగులోనే చెబుతాను.

నెర్మిన్ జ్వరమని సెలవు పెట్టి తిరిగొచ్చాక, అనుమానం మొదలైంది ఫొటోలతో. ఒకరోజు ఉదయలక్ష్మి కాఫీ తెచ్చుకుని వచ్చేసరికి నెర్మిన్ ఫోన్ పట్టుకుని సొరుగులకి ఫొటోలు తీస్తోంది. ఒక్కో సొరుగూ లాగడం, లోపలున్నది ఒకటి బయట పెట్టడం, ఫొటో తియ్యడం.

"ఎందుకబ్లా?"

"సెవ్‌గికి" అని ఫోన్ గబుక్కున జేబులో వేసుకుంది. సెవ్‌గి ఆవిడ కూతురు. వేరే ఇంట్లో ఉంటుంది, ఏదో ఆఫీసులో ఉద్యోగం. ఆ పిల్లకి బకిల్సు ఫొటోలు ఎందుకు?

ఆ తర్వాత ఫోన్లు. మధ్యాహ్నం అన్నం వేళకి నెర్మిన్ వెనక గదిలోకెళ్ళి తలుపు దగ్గరికి వేసుకోవడం మొదలెట్టింది. ఏడేళ్ళుగా ఒకే బల్ల దగ్గర తిన్న మనిషి! ఇలాంటప్పుడు చెవి తలుపుకి ఆనించకుండా ఎవరుంటారు? లోపల నెర్మిన్ గుసగుసగా చెబుతోంది. "బకిల్... టోకా. స్ట్రాప్... కయిష్. బటన్... బటన్..." అవతల ఎవరో ఏదో అన్నారు. "ఆ, ద్యూమె." మళ్ళీ మొదట్నించీ. ఒక్కో సరుకూ పేరుపేరునా ఎవరికో ఒప్పజెబుతోంది.

పైగా సొరుగుల్లో సరుకు తారుమారు. జిప్పుల్లో హుక్కులు, హుక్కుల్లో ఇత్తడి రింగులు. ఏదెంతుందో తనకి తెలియకుండా కలగాపులగం చేస్తోందా? ఉదయలక్ష్మి అన్నీ ఏరి ఎక్కడివక్కడ పెట్టింది, మాట మాత్రం పైకనలేదు.

ఈ మంట మీద నెయ్యి పోసింది మంగతాయారు ఆంటీ. పక్క పేట పాయింట్ కుక్‌లో ఉంటుంది. వాళ్ళాయన డాక్టరు, ఈ దేశం వచ్చి ముప్ఫయ్యేళ్ళు దాటింది, ఊళ్ళో తెలుగువాళ్ళ వార్తలన్నీ ఆవిడ తెల్ల కారులోనే తిరుగుతాయి. జాకెట్ వదులు చేయించుకోడానికొచ్చి, పెద్ద మిషను మీదున్న నెర్మిన్‌ని ఓరగా చూస్తూ గొంతు తగ్గించింది.

"ఏమే ఉదయా, మీ నెర్మిన్ షాపు పెడుతోందా?"

"ఎవరన్నారాంటీ?"

"ఎవరో అనడమేంటి, నా కళ్ళతో చూశా. మా సందు చివర కొత్త షాపులొచ్చాయి చూడూ, అందులో ఒకటి ఖాళీగా ఉంది. అలా వెళ్తూ చూద్దును కదా, దాని ముందు నుంచుంది. పక్కన ఆ కూతురనుకుంటా. అద్దంలోంచి లోపలికి తొంగి చూస్తున్నారు. లాస్ట్ వీక్ కూడా అంతే. నాకెందుకులే గానీ, నువ్వు అమాయకురాలివి కాబట్టి చెప్తున్నా. పని నేర్పి..."

"నేను నేర్పిందేం లేదాంటీ, ఆవిడకి ముందే వచ్చు."

"అయితే మరీ డేంజరు!" అంది మంగతాయారు.

నెర్మిన్ అన్న పేరు వినబడిందేమో, ఆవిడ మిషను ఆపి ఇటు చూసింది. ఉదయలక్ష్మి చటుక్కున తల దించుకుంది. ఆ మర్నాడే కత్తెర చేతికొచ్చింది. ఇంకేం కావాలి?

శనివారం ఇంట్లో ఈ గోడు వెళ్ళబోసుకుంటే, స్పందన లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా "Just ask her, amma" అంది.

"అడిగితే చెప్తుందా? సొంత షాపు పెట్టుకుంటున్నా, దీవించమని చెప్తుందా?"

"She's literally your best friend."

"అదేనే నా కడుపుమంట!" అని అరిచింది ఉదయలక్ష్మి. అరిచాక కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. షాపు పోతుందన్న భయం ఒకెత్తు. తనకి చెప్పకుండా పోతుందన్న బాధ ఒకెత్తు. రెండోదే ఎక్కువ నొప్పి పెడుతోందని ఆవిడకి తెలుసు, ఒప్పుకోడానికి రోషం అడ్డమొస్తోంది.

ఆదివారం మధ్యాహ్నం షాపుకెళ్ళింది. బయట ఎండ, లోపల ఎవరూ లేరు. గోడ ముందు నుంచుని ఆ స్టిక్కర్లకేసి చూస్తే ఒళ్ళు మండింది. ఫొటోలు తీసుకుంటావా? అప్పజెప్పుకుంటావా? నా గోడ మీద నీ రాతలేంటి? గోటితో ఒకటి లాగింది. టోకా ఊడొచ్చింది. కయిష్ సగం చిరిగి, సగం జిగురుతో అంటుకుపోయింది. వెనక గదిలోంచి గిన్నెలు తోమే పీచు తెచ్చి రుద్దింది. అటు స్పందన రాసిన ఇంగ్లీషూ పోయింది, ఇటు నెర్మిన్ రాసిన అర్థమూ పోయింది. ఏ సొరుగులో ఏముందో తనకి కళ్ళు మూసుకున్నా తెలుసు. నెర్మిన్‌కీ తెలుసనుకోండి. కానీ సోమవారం పొద్దున వచ్చి గోడ చూస్తే, 'ఓహో, దీనికి తెలిసిపోయింది' అని అర్థమవుతుంది. అప్పుడు ఆ దొంగమొహం ఎలా ఉంటుందో చూడాలి. అదీ ఆవిడ పథకం. చేతులు కడుక్కుని ఇంటికొచ్చి సుబ్బరంగా పప్పుచారు పెట్టింది, ఒక్క ముద్ద కూడా గొంతు దిగలేదు.

సోమవారం నెర్మిన్ ఎప్పట్లాగే వచ్చింది. బ్యాగు కొక్కేనికి తగిలించింది. చిన్న గాజు గ్లాసుల్లో పాలు లేని టీ పోసి, ఒకటి ఉదయలక్ష్మి మిషను పక్కన పెట్టింది. గోడకేసి ఇంకా చూడలేదు. ఉదయలక్ష్మి దారం ఎక్కిస్తున్నట్టు నటిస్తూ కంటి చివర్నించి కాపు కాస్తోంది.

ఇంతలో ఒకావిడ గుర్రపు దుప్పటి భుజాన వేసుకుని వచ్చింది. బూట్ల నిండా బురద. ఛాతీ దగ్గర బకిల్ ఊడిపోయిందట. "Just needs a new buckle, love" అని నెర్మిన్‌తో చెప్పి దుప్పటి బల్ల మీద పరిచింది.

నెర్మిన్ గోడ వైపు తిరిగింది.

'ఇప్పుడు చూడు' అనుకుంది ఉదయలక్ష్మి.

నెర్మిన్ నుంచుంది. అలాగే నుంచుంది. చెయ్యి లేచి, ఒక సొరుగు దగ్గరికెళ్ళి ఆగింది. స్టిక్కర్ ఉండాల్సిన చోట వేలితో తడిమింది. మెల్లగా రుద్దింది. కళ్ళజోడు తీసి కొంగుతో... కాదు, వాళ్ళకి కొంగెక్కడిది, తలకి కట్టుకున్న స్కార్ఫు చివరతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. కిందకి చూసింది, పైకి చూసింది. ఒక సొరుగు లాగింది, జిప్పులు. మూసింది. ఇంకోటి లాగింది, దారపు ఉండలు. వెనక్కి తిరిగి ఆ గుర్రాలావిడతో ఏదో చెప్పబోయింది. "The... the..." అంటూ గాలిలో వేళ్ళతో చతురస్రం గీసింది.

దొంగ దొరికితే ఉండే మొహం కాదది. జాతరలో చెయ్యి వదిలేసిన పసిపిల్ల మొహం.

ఉదయలక్ష్మి లేచింది. "రేపు మధ్యాహ్నం వచ్చి తీసుకోండి" అని గుర్రాలావిడని పంపేసి, తలుపు మీద బోర్డు తిప్పింది.

నెర్మిన్ స్టూలు మీద కూలబడి గోడకేసే చూస్తోంది. "ఉదయా," అంది, "ఆ సొరుగుల మీద ఏం రాసుంది?"

"ఏం లేదు."

"నిజం చెప్పు. ఏం లేదా? నాకు కనబడ్డం లేదా?"

"ఏం లేదబ్లా. నేనే పీకేశాను. నిన్న వచ్చి, నేనే."

నెర్మిన్ ఒక్క ఉదుటున లేచి ఉదయలక్ష్మి రెండు చేతులూ పట్టుకుంది. తిడుతుందేమో, కొడుతుందేమో అనుకుంటే, ఆ చేతులు కళ్ళకద్దుకుంది. "నువ్వు పీకావా! నువ్వేనా! దేవుడా, నీ దయ! నా తల కాదు, నువ్వు!" అని నవ్వుతోంది, ఏడుస్తోంది. "చదవడం కూడా పోయిందనుకున్నాను ఉదయా."

"కూడా అంటే? ఏం పోయింది?"

అప్పుడు చెప్పింది. ఆగి ఆగి, మాట కోసం వెతుక్కుంటూ చెప్పింది. ఆ మధ్య ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టిందే, అది జ్వరం కాదు. చిన్న స్ట్రోకు. చేతులు బాగానే ఉన్నాయి, కాళ్ళు బాగానే ఉన్నాయి, మాటలే జారిపోయాయి. వస్తువు కళ్ళెదుటే ఉంటుంది, దాని పేరు రాదు. ముందు ఇంగ్లీషు పేర్లు పోయాయి, ఒక్కోసారి టర్కిష్‌వి కూడా పోతున్నాయి. పాయింట్ కుక్‌లో, ఆ ఖాళీ షాపు పక్కనే, మాటలు మళ్ళీ నేర్పే ఒక అమ్మాయి ఉంది. రోజూ పనిలో చేతికి తగిలే వస్తువుల ఫొటోలు తెచ్చుకోమంది, ఒక్కోదాని ఇంగ్లీషు పేరూ, దాని టర్కిష్ అర్థమూ పైకి చెప్పమంది. మధ్యాహ్నాలు సెవ్‌గి ఫోన్ చేసి అప్పజెప్పించుకుంటోంది. షాపులో మాత్రం గోడ చూసి చదువుకుని నెట్టుకొస్తోంది, అయినా ఒక్కోసారి ఒకదాని సొరుగులో ఇంకోటి వేసేస్తోంది.

"మొన్న నువ్వు scissors అన్నావు. అదేంటో నాకు తెలీలేదు. నీ చేతిలో గుడ్డ చూశాను. బల్లంతా చూశాను. ఇదే అయ్యుంటుందని తీసి ఇచ్చాను. నువ్వు కాదనలేదు. సరిగ్గా పోల్చుకున్నానని ఎంత సంబరపడ్డానో! ఆ సంబరంలో బల్ల సంగతే మర్చిపోయాను."

ఉదయలక్ష్మికి ఆ నవ్వు గుర్తొచ్చింది. నిలువునా చచ్చిపోయినట్టయింది.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఉంచుకుంటావా? మాటలు రాని మనిషి షాపులో ఎందుకు? నాకు ఇంట్లో ఎవరున్నారు, గోడలు తప్ప? నువ్వూ, ఆ తెల్ల కారావిడా మీ భాషలో నా పేరెత్తి గుసగుసలాడారు. నన్ను పంపేసి ఇంకొకర్ని పెట్టుకుంటున్నావనుకున్నాను." ఆగింది. కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నాక, గోడ మీద అంటుకుపోయిన ఆ చిరుగు ముక్కలకేసి చూసి, మెల్లగా అడిగింది. "నువ్వెందుకు పీకావు?"

అబద్ధం చెప్పొచ్చు. పాతబడ్డాయి, కొత్తవి రాద్దామనుకున్నా అనొచ్చు. మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. ఉదయలక్ష్మి దాన్ని మింగేసి ఉన్నదంతా చెప్పింది. ఫొటోలు, ఫోన్లు, తలుపుకి చెవి, పాయింట్ కుక్, ఆదివారం, పీచు. దొంగమొహం చూద్దామనుకున్న సంగతి కూడా దాచలేదు.

నెర్మిన్ వెళ్ళి కొక్కెం మీది బ్యాగు తీసుకుంది. అయిపోయింది అనుకుంది ఉదయలక్ష్మి. తన చేత్తో తనే గెంటేసింది.

నెర్మిన్ తలుపు దాకా వెళ్ళి, ఆగి, బ్యాగు కింద పడేసి వెనక్కొచ్చింది. బల్ల మీదున్న కత్తెర తీసింది. ఉదయలక్ష్మి చెయ్యి లాగి, అరచెయ్యి విప్పి, కత్తెర అందులో పెట్టి వేళ్ళు మూసింది.

"ఇదిగో. ఈసారి తెలిసే ఇస్తున్నా. పోట్లాడు."

"అబ్లా..."

"పోట్లాడు! మీ అమ్మా, మా అమ్మా తప్పు చెప్పారు. రెండు వారాలు నోరు మూసుకుని నన్ను దొంగలా చూశావే, దానికంటే పోట్లాటే మేలు. తిట్టు నన్ను. నేనూ తిడతాను. కూర్చో."

ఉదయలక్ష్మికి ఏడుపు తన్నుకొచ్చింది. ఆ ఏడుపులోంచే కోపం వచ్చింది, అదీ తెలుగులో. "నీకసలు బుద్ధుందా? ప్రాణం మీదికొస్తే నా దగ్గర దాస్తావా? ఇంగ్లీషు పోతే పోయింది, ఎవడిక్కావాలి నీ ఇంగ్లీషు? టోకా అంటే నాకు తెలీదూ? కయిష్ అంటే తెలీదూ? ఫెర్ముఆర్, కోప్చా, చిట్‌చిట్, అన్నీ నువ్వే కదే నేర్పావు! నీకు గుర్తు రాకపోతే నన్నడగడానికి నోరు లేదూ!"

నెర్మిన్ కూడా అందుకుంది, టర్కిష్‌లో, చేతులు తిప్పుతూ, గోడ చూపిస్తూ, బహుశా మంగతాయారు ఆంటీని కూడా కలిపి. ఒక్కచోట కూడా మాట కోసం తడుముకోలేదు. దుప్పటిలోనే ఇంటి తాళాలు మర్చిపోయి గుర్రాలావిడ తిరిగొచ్చింది. అద్దం తలుపు అవతల నుంచుని, లోపల ఇద్దరు ఆడవాళ్ళు రెండు భాషల్లో అరుచుకుంటుంటే తట్టాలా వద్దా అని కాసేపు తటపటాయించి, కారు దగ్గరికెళ్ళి కూర్చుంది.

కత్తెర ఉదయలక్ష్మి చేతిలోనే ఉంది. బల్ల మీద పెట్టాలని ఇద్దరికీ తోచలేదు.